వేగం సంగతి తర్వాత, ముందు తెరుచుకుంటుందో లేదో చూడు

చిరంజీవి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మీ అమ్మ ఫోన్ చేసి, "దానికి ఆఫీసులో పెద్ద పనే అప్పజెప్పారక్కా, కంప్యూటర్లో తాళాలు వేసే ప్రోగ్రామంట, పదింతలు స్పీడు చేసేస్తుందంట" అంది. ఆ తాళాలేవిటో కూపీ లాగితే తేలింది. రైస్ మిల్లులకీ రొయ్యల ప్లాంట్లకీ మీవాళ్లు అమ్మే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో ఎన్‌క్రిప్షన్ ముక్క, అంటే కీ లేనివాడు చదవలేకుండా డేటాని మార్చేసే భాగం, నీ చేతికొచ్చింది. దాన్ని, ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి కోసం ప్రాసెసర్‌లోనే ఉండే ఇన్‌స్ట్రక్షన్లతో తిరగరాస్తానని నువ్వే ముందుకెళ్లి ఒప్పుకున్నావట. ఉద్యోగంలో చేరి ఏడాదైనా తిరక్కుండానే! పక్కింటివాళ్లకీ ఎదురింటివాళ్లకీ చెప్పేశాను. ఒక్క ముక్క అర్థం కాకపోయినా "మీ పోలికేనండీ" అన్నారు, అది చాలు నాకు. పడుకున్నాక మాత్రం గుండెల్లో రాయి పడింది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అనేసి పెట్టేస్తావు.

నీకు తెలిసినవి గబగబా అనేస్తాను. ప్రోగ్రాం మొదలవగానే, ప్రాసెసర్‌లో ఏమేం ఉన్నాయో చెప్పే సీపీయూఐడీని అడుగు: లీఫ్ 1, ఈసీఎక్స్‌లో 25వ బిట్టు ఏఈఎస్‌ది, 1వ బిట్టు ఒక రకం గుణకారం చేసే పీసీఎల్‌మల్‌ది. డేటాని ఎవరైనా మార్చారేమో కూడా సరిచూసే జీసీఎం పద్ధతి వేగంగా నడవాలంటే రెండూ కావాలి. ప్రోగ్రాం మొత్తాన్నీ ఆ ఇన్‌స్ట్రక్షన్ల ఫ్లాగుతో కంపైల్ చెయ్యకు, ఆ ఒక్క ఫైలుకే పెట్టు. లేకపోతే పాత మిషన్ మీద 'ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్' అని చతికిలబడుతుంది. ఒకే కీతో ఒకే నాన్స్, అంటే ఒక్కసారికే వాడాల్సిన అంకె, రెండోసారి వాడితే నిన్ను నేనే తంతాను. పనయ్యాక మెమరీలో కీని తుడిచెయ్యి. అసలు నా మాట వింటే అసెంబ్లీ జోలికే పోకుండా ఓపెన్‌ఎస్ఎస్ఎల్ లైబ్రరీని దాని ఈవీపీ ఫంక్షన్ల దారిన పిలుచుకో, ఏ మిషన్‌లో ఏముందో అదే చూసుకుంటుంది. వినవని తెలుసు, అయినా చెప్పడం నా వంతు.

ఆ పదింతల మాట మాత్రం మీ మేనేజరు దగ్గర అనకు. ఏఈఎస్ ఒక్కటే విడిగా కొలిస్తే పదింతలు రావచ్చేమో. మిల్లు గుమస్తా బ్యాకప్ బటన్ నొక్కాక జరిగేది ఏఈఎస్ ఒక్కటేనా? ముందు డేటాని కంప్రెస్ చెయ్యాలి, అది ఏఈఎస్ కన్నా నిదానం. తర్వాత పాత హార్డ్ డిస్కులోకో, గుమస్తా జేబులోంచి తీసిన పెన్‌డ్రైవ్‌లోకో రాయాలి, అది మరీ నిదానం. నువ్వు చెమటోడ్చి ఎన్‌క్రిప్షన్‌ని గాలిలో పరిగెత్తించినా మొత్తమ్మీద గంట బ్యాకప్పు యాభై నిమిషాలకి వస్తే గొప్ప. ఒక ప్రొఫైలర్ పెట్టి ఏది ఎంత తింటోందో చూసుకుని అప్పుడు మాటివ్వు.

ఇప్పుడు అసలు విద్య దగ్గరకి వద్దాం, ఇది నాకిష్టమైన భాగం. ఏఈఎస్ అమెరికా ప్రమాణమైంది 2001లో, బెల్జియం వాళ్లిద్దరు, డామెన్, రైమెన్, చేసిన రైన్‌డాల్ నుంచి. 128 బిట్ల కీకి పది రౌండ్లు, 256కి పద్నాలుగు. మా రోజుల్లో ఒక్కో రౌండుకి టేబుళ్లలో వెతుక్కుంటూ, ఎక్సార్లు చేసుకుంటూ పోయేవాళ్లం. ఇంటెల్ వాళ్లు 2008లో ప్రకటించి 2010లో వెస్ట్‌మియర్ చిప్పుల్లో పెట్టిన ఏఈఎస్ఈఎన్‌సీ అనే ఇన్‌స్ట్రక్షన్ ఒక్కటి కొడితే ఒక రౌండు పూర్తి. అయితే దాని ఫలితం చేతికి రావడానికి శాండీ బ్రిడ్జ్ చిప్పుల్లో 8 క్లాకులు, అంటే ప్రాసెసర్ టిక్కులు, తర్వాతి స్కైలేక్ చిప్పుల్లో 4 పడుతుంది. చేతికి వచ్చేలోగా ఖాళీగా కూర్చోనక్కర్లేదు, ప్రతి క్లాకుకీ ఇంకో బ్లాకుని, అంటే పదహారు బైట్ల ముక్కని, లోపలికి తొయ్యొచ్చు. మన తోటలో దింపు రోజున కొబ్బరికాయలు లారీకెక్కించేటప్పుడు వరసగా నిలబడి చేతులు మార్చుకుంటారు చూడు, ఒక కాయ లారీ చేరేదాకా రెండో కాయ అందుకోకుండా ఆగితే పొద్దుగూకినా పని తెమలదు. సీబీసీ పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేస్తే అదే గతి, ముందు బ్లాకు ఫలితం వస్తేగాని తర్వాతది మొదలవదు. డిక్రిప్ట్ చేసేటప్పుడు ఆ బాధ లేదు. సీటీఆర్, జీసీఎంలలో బ్లాకుకో కౌంటర్ అంకెని ఎన్‌క్రిప్ట్ చేసి డేటాతో కలుపుతాం కాబట్టి ఏ బ్లాకు దారి దానిదే, ఎనిమిదింటిని ఒకేసారి వరసలో పెట్టేయొచ్చు. మీ పాత ప్రోగ్రాం సీబీసీ అని విన్నాను. దాన్ని అలాగే ఉంచి ఇన్‌స్ట్రక్షన్లు మార్చావంటే సగం లాభం గట్టు మీదే వదిలేసినట్టు.

ఆ ఎనిమిది బ్లాకుల లూపు దగ్గరే నా ప్రాణం కొట్టుకుంటోంది. ఇక్కడ కాస్త నెమ్మదిగా చదువు.

హైదరాబాదులో నేను పనిచేసిన ఒక ఆఫీసు, పేరెందుకులే, మీలాగే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ అమ్మేది. వెస్ట్‌మియర్ సర్వర్లు కొత్తగా వచ్చిన రోజులు. మా టీంలో ఒక కుర్రాడుండేవాడు, చురుకంటే చురుకు. జీసీఎం కోసం తను రాసుకున్న లూపు తీసుకొచ్చి మా సీటీఆర్‌కి తగిలించాడు. బైటుకి పదీ పన్నెండు క్లాకులు తినేది ఒకటిన్నరకి దిగింది. ఆఫీసంతా మిఠాయిలు. టెస్టులన్నీ పాసయ్యాయి: ఎన్‌క్రిప్ట్ చెయ్యడం, డిక్రిప్ట్ చెయ్యడం, అసలుతో సరిచూడడం. వంకపెట్టడానికి ఏమీ లేదు.

రెండు వానాకాలాలు పోయాక ఒక ఖాతాదారుడి సర్వరు కరెంటు హెచ్చుతగ్గులకి కాలిపోయింది. కొత్తది వచ్చేలోగా మూలనున్న పాత మిషన్ దులిపి దాంట్లో బ్యాకప్ రీస్టోర్ పెట్టారు. ఆ పాతదానికి ఏఈఎస్ ఇన్‌స్ట్రక్షన్లు లేవు, కాబట్టి ప్రోగ్రాం తన మామూలు సీ కోడ్ దారిన వెళ్లింది. బ్యాకప్ అంతా ఒక్కో జీబీ ముక్కలుగా ఉండేది. రెండొందల పైచిలుకు ముక్కల్లో మూడు తప్ప అన్నీ శుభ్రంగా తెరుచుకున్నాయి. ఆ మూడూ మొదట్లో బాగానే ఉంటాయి, మధ్యలో ఒకచోట నుంచి చివరిదాకా చెత్త. డిస్కు పాడైందన్నారు. కేబుల్ మార్చారు. ఖాతాదారుడి మీదే నెపం పెట్టబోయారు కూడా. ఆ ఫైళ్లు నా బల్ల మీదకొచ్చాయి.

హెక్స్‌లో పెట్టి చూస్తే చెత్త మొదలైన చోటు మూడింటిలోనూ పదహారు బైట్ల గీత మీదే ఉంది. డిస్కు పాడైతే అంత పద్ధతిగా పాడవదు కదా. అప్పుడు ఒక్కో ముక్క తలలో ఉన్న మొదటి కౌంటర్ విలువలు కాగితం మీద రాసుకున్నాను. ఆఖరి నాలుగు బైట్లు చూడు: ఒకటి ఎఫ్‌సీతో మొదలు, ఒకటి ఎఫ్ఈతో, ఒకటి ఎఫ్ఎఫ్‌తో, అంటే హెక్స్‌లో బైటు పూర్తిగా నిండిన విలువతో. బాగా తెరుచుకున్నవాటిలో అలాంటిది ఒక్కటీ లేదు. ఆ నాలుగు బైట్లు నిండి సున్నాకి తిరగడానికి ఇంకా ఎన్ని బ్లాకులు కావాలో లెక్కేసి, పదహారుతో గుణించి చూస్తే, సరిగ్గా చెత్త మొదలైన బైటు దగ్గర తేలింది. మూడింటికీ.

అర్థమైందా? జీసీఎంలో కౌంటర్ అంటే ఆఖరి 32 బిట్లే, అవి నిండితే సున్నాకి తిరగాలని ప్రమాణమే చెబుతుంది. వట్టి సీటీఆర్‌లో మా ఫార్మాటు ప్రకారం 128 బిట్లూ కలిపి ఒక అంకె, కింద నిండితే పైకి ఒకటి వెళ్లాలి. ఆ కుర్రాడి లూపు 32 బిట్ల కూడికే చేసింది. పైకి వెళ్లాల్సిన ఒకటి అక్కడే ఆవిరైపోయింది. మొదటి కౌంటర్ ర్యాండమ్‌గా తీసుకుంటాం కదా, జీబీ ముక్కకి ఇలా తగిలే అవకాశం అరవై నాలుగింట ఒకటి. మా టెస్టు ఫైళ్లు ఒక్కో ఎంబీ. వాటికైతే అరవై అయిదు వేల పైచిలుకులో ఒకటి, జన్మలో తగలదు. తగిలినా పట్టుబడదు, ఎందుకంటే వేసేదీ తీసేదీ ఒకే లూపు. తప్పుగా వేసినదాన్ని అదే తప్పుతో తీస్తుంది, అసలుతో అచ్చంగా సరిపోతుంది.

డేటా పోలేదులే. అదే తప్పుని సీ కోడ్‌లో కావాలని రాసి ఆ మూడు ముక్కలూ తీశాం. అసలు తలనొప్పి ఆ తర్వాత వచ్చింది. లూపు సరిదిద్దితే, దానికి ముందు ఊళ్ల మీద తీసిన బ్యాకప్పుల్లో అలాంటి ముక్కలన్నీ తెరుచుకోవు. సరిదిద్దకపోతే పాత మిషన్ల మీద తెరుచుకోవు. ఏది తప్పుడు లూపుతో వేసిందో, ఏది మామూలు దారిన వేసిందో ఫైలు చూసి చెప్పలేం, ఫైలు మొదట్లో ఉండే హెడర్‌లో వెర్షన్ నంబరే లేదు మరి. చివరికి రెండు విధాలా తీసి, లోపలున్న చెక్‌సమ్, అంటే డేటా సరిచూసుకునే అంకె, దేనికి సరిపోతే అది ఉంచుకునేలా రాశాం. నేను రిటైరయ్యేనాటికి కూడా ఆ తప్పుడు లూపు ప్రోగ్రాంలో ఉంది, ఎవరూ ముట్టుకోవద్దని పైన కామెంట్‌తో సహా. ఆ కుర్రాడు మంచివాడు, బుజ్జీ. ఆ వారమంతా అన్నం సరిగ్గా తినలేదు.

కాబట్టి హెడర్‌లో ఒక బైటు వెర్షన్‌కి ఈరోజే కేటాయించు, మిగతావి రేపు చూసుకోవచ్చు. తర్వాత టెస్టులు. కొత్త దారిన వేసి పాత దారిన తియ్యి, పాత దారిన వేసి కొత్త దారిన తియ్యి. కౌంటర్‌ని కావాలని ఎఫ్ఎఫ్‌ల దగ్గర మొదలెట్టు, నిండే అంచుని ఎనిమిది బ్లాకుల గుంపులో మొదట, మధ్యలో, చివర పడేలా జరుపు. ఎనిమిదితో భాగం పోని పొడవులు పెట్టు, పదహారు బైట్లకి తక్కువ తోక ఉన్నవీ పెట్టు. ఏఈఎస్ ప్రమాణ పత్రం చివర ఉదాహరణలున్నాయి, 00 నుంచి 0ఎఫ్ దాకా వరసగా ఉండే కీతో. నీ ఫలితం 69సీ4ఈ0డీ8 అని మొదలవకపోతే ఇంక ముందుకెళ్లకు. నీ ల్యాప్‌టాప్ మీదే మామూలు దారిని నడిపించడానికి ఒక స్విచ్చి పెట్టుకో. ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌కి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో ఆ సౌకర్యం ఉంది, నీ కోడ్‌కీ ఉండాలి.

మామూలు దారి అంటే చులకన వద్దు. "ఇప్పుడు అన్ని మిషన్లలోనూ ఏఈఎస్ ఉంది కదా పెద్దమ్మా" అంటావు. మీ ఖాతాదారులెవరో గుర్తు తెచ్చుకో. ధాన్యం తవుడు పొరలా పేరుకున్న సీపీయూ మీద కాటా బిల్లులు కొట్టే మిల్లు అది. రెండో తరం, మూడో తరం డెస్క్‌టాప్ ఐ3లు చాలావాటికి ఈ ఇన్‌స్ట్రక్షన్లు లేవు, ఆ కాలపు పెంటియంల సంగతి చెప్పనే అక్కర్లేదు. చెరువు గట్టు మీద ఏరియేటర్ల డబ్బాలో మీవాళ్లు రాస్బెర్రీ పై 4 పెట్టారట, దానికీ లేవు. పై 5కి ఉన్నాయి. ఇలాంటివాటికి టేబుళ్లతో రాసిన పాత ఏఈఎస్ పెట్టి ఊరుకోకు. కీని బట్టి టేబుల్లో ఏ గడి తీస్తున్నామో క్యాష్ టైమింగ్, అంటే ప్రాసెసర్ దగ్గరి మెమరీలోంచి అది రావడానికి పట్టే సమయం, చూసి కీ లాగొచ్చని బెర్న్‌స్టీన్ అనే క్రిప్టోగ్రాఫర్ 2005లోనే చూపించాడు. హార్డ్‌వేర్ ఇన్‌స్ట్రక్షన్‌కి టేబుళ్లు లేవు కాబట్టి ఆ గొడవ లేదు, వేగం కన్నా నాకు నచ్చింది అదే. అది లేనిచోట బిట్‌స్లైస్ చేసిన ఏఈఎస్, అంటే టేబుళ్లు లేకుండా బిట్ల లెక్కలతోనే నడిచేది, వాడుకో, లేదా ఎస్ఎస్ఎస్ఈ3 అనే ఇన్‌స్ట్రక్షన్ల గుంపులోని షఫుల్‌తో హాంబర్గ్ చూపించిన పద్ధతి, అది ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లోనే ఉంది. ఏఈఎస్ బదులు చాచా20 అనే ఇంకో ఎన్‌క్రిప్షన్ పద్ధతి పెడదామని నీకు తోస్తుంది. ఏఈఎస్ లేని ఫోన్లలో అది బాగా నడుస్తుంది, నిజమే. కానీ ఒక మిల్లుకి ఒకటి, ఇంకో మిల్లుకి ఇంకోటి పెట్టావంటే రీస్టోర్ రోజున తంటా. నేనైతే ఒక్కదానికే కట్టుబడతాను.

రీస్టోర్, రీస్టోర్ అని ఈవిడ ప్రాణం తీస్తోందనుకుంటున్నావు కదూ. నువ్వు పుట్టకముందు, 1996 నవంబరు తుఫానుకి కోనసీమలో కొబ్బరితోటలు పడుకున్న ఏడాది, మన పెంకుటిల్లు వెనక గోడ కూలింది. మీ తాతయ్య దస్తావేజులన్నీ ట్రంకు పెట్టెలో పెట్టి, తాళం వేసి, చెవి మొలతాడుకి కట్టుకున్నారు. తాళం నిక్షేపంలా వచ్చింది. మూత ఎత్తితే లోపల స్టాంపు కాగితాలు ముద్ద. అరుగు మీద చాప పరిచి, ఒక్కో పొర వేలి గోటితో విడదీస్తూ కూర్చున్నాం నేనూ మీ అమ్మా. సిరా అంతా నీలంగా మా గోళ్లకి అంటింది. నకళ్ల కోసం ఆయన రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి మోకాళ్లు అరగదీసుకున్నారు. ఆ ఇంట్లో పుట్టిన దానివి నువ్వు, మిల్లువాడి లెక్కల పుస్తకానికి తాళం వేస్తున్నావు. తుఫాను మళ్లీ రాదా ఏం? వచ్చిన రోజున వాడికి దొరికేది మీ ఆఫీసు సర్వరు కాదు, బావమరిది ఇంట్లో అటక మీద ఉన్న పాత సీపీయూ.

ఇంక కోప్పడను. నీకు పని అప్పజెప్పినవాళ్లు తెలివైనవాళ్లు, నీలో ఏదో చూసే ఇచ్చారు. నీ కోడ్ ఒకసారి చూడాలని నాకు మనసులో గోలగా ఉంది, అడగడానికి మొహమాటపడుతున్నాను. ఆఫీసు కోడ్ బయటివాళ్లకి చూపించకూడదని నాకు తెలుసు, వద్దులే. టెస్టుల జాబితా మాత్రం, అంటే ఏ పొడవులు పెట్టావు, కౌంటర్ ఎక్కడ మొదలెట్టావు, అవి ఒక కాగితం మీద రాసి తీసుకురా, కూర్చుని మాట్లాడుకుందాం. ఆదివారం చించినాడ వంతెన మీదుగా బస్సులున్నాయి, పొద్దున్నే బయల్దేరితే భోజనాల వేళకి వచ్చేస్తావు. పనసపొట్టు ఆవ పెట్టి వండుతాను. ల్యాప్‌టాప్ తెస్తే ఛార్జరు మరిచిపోకు, మా ఇంట్లో ఉన్నది నీ దానికి పట్టదు.

ఇట్లు,
మీ పెద్దమ్మ