ఓపిక ఉన్న ఏళ్లలో ఏది ముందు?

ప్రశ్న: నాకు 67 ఏళ్లు, మా ఆవిడకు 62. గుంటూరు బ్రాడీపేటలో సొంత ఇల్లు ఉంది. ప్రభుత్వ ఉద్యోగంలో రిటైరై ఏడేళ్లయింది, పెన్షన్ వస్తోంది. అబ్బాయి డాలస్‌లో, అమ్మాయి హైదరాబాద్‌లో ఉంటారు. నాకు బీపీ, ఆవిడకు షుగరు, మోకాళ్ల నొప్పులు. పొద్దున పేపరు, తర్వాత టీవీ, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం ఫోను. రోజులు ఇలాగే గడిచిపోతున్నాయి. ఈమధ్య నాతో పనిచేసినాయన హఠాత్తుగా పోయారు. మిగిలిన కాస్త కాలాన్నీ పాడుచేసుకుంటున్నానన్న దిగులు అప్పటి నుంచి వదలడం లేదు. ఆవిడ పదేళ్లుగా కాశీ తీసుకెళ్లమంటోంది. కాలేజీ రోజుల్లో నేను పౌరాణిక నాటకాల పద్యాలు పాడేవాణ్ని, మళ్లీ మొదలుపెట్టాలని ఉంది. ఇల్లు తన పేర రాసేసి అమెరికా వచ్చేయమని అబ్బాయి అంటున్నాడు. ఏది ముందు, ఏది వెనక?

జవాబు: ఎన్నేళ్లు మిగిలాయో ఎవరూ చెప్పలేరు. కానీ మిగిలిన ఏళ్లన్నీ ఒక్కలాంటివి కావని మాత్రం గట్టిగా చెప్పొచ్చు. మెట్లెక్కి దిగగలిగే ఏళ్లు ముందు అయిపోతాయి. ఊళ్లో ఒంటరిగా తిరిగి రాగలిగే ఏళ్లు ఆ తర్వాత. కుర్చీలో కూర్చుని చదవడం, మాట్లాడటం, వినడం చాలాకాలం ఉంటాయి. చాలామంది ఈ వరస తప్పుతారు. కూర్చుని ఎప్పుడైనా చేసుకోగల పనులకు ఇప్పటి ఓపిక ఖర్చుపెట్టి, కాళ్లతో చేయాల్సినవి ‘అన్నీ కుదిరాక’ అని పక్కనపెడతారు. అన్నీ కుదిరేసరికి కాళ్లు కుదరవు. కాబట్టి ఏ పనికి ఎక్కువ ఒళ్లు కావాలో అదే ముందు.

అంటే కాశీ. నవంబరులో గానీ ఫిబ్రవరిలో గానీ పెట్టుకోండి. డిసెంబరు చివర, జనవరిలో పొగమంచుకు ఉత్తరాది రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. వానాకాలంలో గంగ ఘాట్ల మీదికి వచ్చేస్తుంది, పడవలు ఆపేస్తారు. కార్తీక పౌర్ణమి ముందూ వెనకా నాలుగు రోజులు తప్పించండి. ఆ రోజు ఘాట్లన్నీ దీపాలతో నింపే దేవ దీపావళి జనంలో గదులు దొరకవు, మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి ఆ తోపులాటలో నిలబడలేరు. విజయవాడలో సంఘమిత్ర ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దీన్‌దయాళ్ ఉపాధ్యాయ్ జంక్షన్‌లో, అంటే పాత మొగల్‌సరాయిలో దిగి ఆటోలోనో కారులోనో కాశీ చేరొచ్చు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. సీనియర్ సిటిజన్ రాయితీ 2020 మార్చి నుంచి లేదు గానీ కింది బెర్తుల కోటా ఉంది. మీ ఇద్దరికే ఒక టికెట్ తీసుకోండి. తోడు వచ్చే బంధువులను కూడా అదే టికెట్‌లో కలిపితే ఆ కోటా వర్తించదు, ఆవిడకు పై బెర్తు పడొచ్చు. బస తెలుగువాళ్ల ఆంధ్రాశ్రమంలో అయితే చాలా ముందుగా మాట్లాడుకుని కింది అంతస్తు గది అడగండి. తొమ్మిది నిద్రలు చేయాలన్న మన ఆచారం ఇక్కడ బాగా పనికొస్తుంది. ఒకరోజు దర్శనం, ఒకరోజు విశ్రాంతి అన్న లెక్కన తొందర లేకుండా సరిపోతుంది.

ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచే ఆవిడ మోకాళ్లను సిద్ధం చేయాలి. నొప్పి అని కాలు కదపకపోతే తొడ ముందు కండరం సన్నబడుతుంది. అది మోయాల్సిన బరువు కీలు మీద పడి నొప్పి ఇంకా పెరుగుతుంది. కుర్చీలో కూర్చుని ఒక కాలు నిటారుగా చాపి, అయిదు లెక్కపెట్టి దించాలి. కాలికి పదేసి సార్లు, రెండు పూటలా. రెండు వారాల తర్వాత కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం అయిదుసార్లతో మొదలుపెట్టి పదికి పెంచాలి. కీలు వాచినా, వేడిగా ఉన్నా ఆపి ఎముకల డాక్టరుకు చూపించండి. షుగరు ఉంది కాబట్టి బయల్దేరే ముందు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి. ఘాట్ల మెట్ల మీద వట్టి కాళ్లతో వీలైనంత తక్కువ తిరగాలి. షుగరుతో పాదాల స్పర్శ తగ్గితే గాయమైనా తెలియదు, కాబట్టి రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోవాలి. మందులు సంచిలో సర్ది సామాన్లలో పడేయకుండా చేతి సంచిలో ఉంచుకోండి.

మీరు అడగని సంగతి ఒకటి. మీరు రిటైరై ఏడేళ్లయింది గానీ ఆవిడ ఇంకా కాలేదు. పొద్దున కాఫీ నుంచి రాత్రి గిన్నెల దాకా ఆవిడ డ్యూటీ మీ ఉద్యోగం రోజుల్లో ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. పైగా మీరు రోజంతా ఇంట్లోనే ఉండటం వల్ల రెండు కాఫీలు పెరిగి ఉంటాయి. మిగిలిన కాలాన్ని బాగా గడపడం అంటే ఇద్దరి కాలాన్నీ. పొద్దున కాఫీ, రాత్రి టిఫిను మీరు తీసుకోండి. నెల తిరిగేసరికి అన్నం, పప్పు, ఒక వేపుడు, చారు మీ చేత్తో రావాలి. వారంలో ఒకరోజు పొయ్యి వెలగకూడదు. ఆ రోజు వీధి చివర కర్రీ పాయింట్ ఉండనే ఉంది. ఆవిడ నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండాల్సి వస్తే మీరు ఆకలితోనో హోటల్ భోజనంతోనో ఉండకుండా ఇది కాపాడుతుంది కూడా. కాశీ కాక ఇంకేం చేయాలని ఉందో ఆవిడను అడగండి. మొదటిరోజు ‘నాకేముంది’ అంటారు. ఆ మాటతో వదిలేయకుండా వారం తర్వాత మళ్లీ అడగండి.

ఇక ఒంటి సంగతి. ఈ వయసులో జీవితాన్ని ఒక్కసారిగా కుదించేసేది కింద పడటం. తుంటి ఎముక విరిగితే చాలామంది మునుపటిలా నడవలేరు. బీపీ మందులు, ప్రొస్టేట్ మందులు వేసుకునేవాళ్లకు రాత్రి గబుక్కున లేచినప్పుడు రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. లేచాక మంచం అంచున ఒక నిమిషం కూర్చుని అప్పుడు నిలబడండి. మంచం నుంచి బాత్‌రూమ్ దాకా రాత్రంతా చిన్న లైటు వెలగాలి. కమోడ్ పక్కన, స్నానం చేసే చోట గోడకు డ్రిల్ చేసి స్టీలు రాడ్లు పెట్టించండి. టవల్ స్టాండు పట్టుకుంటే ఊడి చేతికొస్తుంది. పొద్దున నడక మంచిదే. వారానికి 150 నిమిషాలు చాలు. కానీ నడక ఒక్కటే పడకుండా కాపాడదు, కండరం బలం, నిలకడ వేరే సాధించాలి. వంటింటి గట్టు పట్టుకుని ఒంటికాలి మీద పది సెకన్లు, కాలికి మూడుసార్లు నిలబడండి. పట్టు కుదిరాక ఒక వేలు మాత్రం ఆనించండి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా గుంటూరు, విజయవాడల్లో నడక ఆరున్నరకల్లా ముగిసిపోవాలి.

కండరం నిలవాలంటే మాంసకృత్తులు కావాలి. మూత్రపిండాల జబ్బు లేకపోతే కిలో బరువుకు రోజుకు 1 గ్రాము, వీలైతే 1.2 గ్రాములు. 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు. మన అన్నం, పచ్చడి, మజ్జిగ భోజనంలో ఇది సగం కూడా రాదు. గుడ్డు ఒకటి 6 గ్రాములు ఇస్తుంది. ముద్దపప్పు రెండు పూటలా కాస్త ఎక్కువ వేసుకోవడం, మజ్జిగ బదులు గట్టి పెరుగు, సాయంత్రం ఉడికించిన సెనగలు, ఇంట్లో తింటే గుడ్లు, చేప. ఇవన్నీ కలిస్తేగానీ లెక్క తేలదు. ఆవకాయ, గోంగూర మానమని గుంటూరు మనిషికి చెప్పను గానీ బీపీ ఉంది కాబట్టి రోజుకు ఒక ముద్దలోకే. ఆవిడ షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే బి12 పరీక్ష ఒకసారి చేయించాలి, ఆ మందుతో అది తగ్గుతుంది.

టీవీ సౌండు పెంచుతున్నారని ఇంట్లో ఎవరైనా అంటున్నారా? అయితే చెవి పరీక్ష వాయిదా వేయకండి. మతిమరుపు జబ్బులకు దారితీసే, మన చేతిలో ఉన్న కారణాలు 14 అని 2024లో వైద్య పత్రిక లాన్సెట్ వేసిన కమిషన్ చెప్పింది. వినికిడి తగ్గడం వాటిలో ముఖ్యమైనది. సరిగా వినపడని మనిషి మాటల్లోంచి తప్పుకుంటారు, తర్వాత మనుషుల్లోంచి తప్పుకుంటారు. వినికిడి మిషన్ పెట్టుకున్న మొదటి నెల అన్ని చప్పుళ్లూ చిరాగ్గా ఉంటాయి. ఆ నెల ఓర్చుకోలేకే చాలామంది డ్రాయర్లో పడేస్తారు. రోజుకు రెండు గంటలతో మొదలుపెట్టి పెంచుకుంటే అలవాటవుతుంది.

ఇంటి విషయంలో నా మాట ఖచ్చితం. ఇల్లు ఇప్పుడు ఎవరి పేరా రాయకండి. మీ అబ్బాయి మీద అనుమానంతో అనడం లేదు. గిఫ్టు దస్తావేజు రిజిస్టరైన రోజున ఇల్లు మీది కాకుండా పోతుంది. వీలునామా అయితే మీ తర్వాతే అమల్లోకి వస్తుంది, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. పోషణ చూడకపోతే గిఫ్టు రద్దు చేయించుకునే వీలు 2007 నాటి వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్‌లో ఉంది. ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టుకోవచ్చు. కానీ ‘చూసుకోవాలి’ అన్న షరతు దస్తావేజులో రాసి లేకపోతే నిరూపించడం కష్టం. ఎప్పటికైనా రాయాల్సి వస్తే ఆ షరతుతోపాటు మీ ఇద్దరికీ జీవితకాల అనుభవ హక్కు కూడా రాయించాలి.

వీలునామా ఈ నెలలోనే రాయండి. స్టాంపు పేపరు అక్కర్లేదు. డోరు నంబరు, హద్దులు, పాత వీలునామాలు ఏవైనా ఉంటే రద్దు అన్న మాట, తేదీ ఉండాలి. ప్రతి పేజీ మీద సంతకం చేయండి. ఇద్దరు సాక్షులు మీ ఎదుటే సంతకం చేయాలి. వాళ్లు మీకన్నా చిన్నవాళ్లు, ఊళ్లో దొరికేవాళ్లు, ఆస్తిలో వాటా లేనివాళ్లు అయితే మంచిది. స్పృహ, తెలివి బాగున్నాయని డాక్టరు దగ్గర అదే రోజు సర్టిఫికెట్ తీసుకుని జతచేయండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, చేయిస్తే ఫోర్జరీ గొడవ చాలావరకు తగ్గుతుంది. ఇల్లు మొదట మీ ఆవిడకు, ఆవిడ తర్వాత పిల్లలిద్దరికీ అని రాయకపోతే, మీ వెనక ఆవిడ సొంతింట్లోనే పిల్లల సంతకాల కోసం ఎదురుచూడాల్సి రావచ్చు. ఆవిడ నగలు, ఆవిడ పేర ఉన్న డబ్బు ఆవిడవే, వాటికి ఆవిడ వేరే వీలునామా రాసుకోవాలి.

దీనికన్నా చిన్నదీ, దీనికన్నా ఎక్కువమందిని ఏడిపించేదీ ఒకటుంది. మీ పెన్షన్ పేమెంట్ ఆర్డరు తీసి చూడండి. అందులో ఆవిడ పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా? ఇంటిపేరు ఒకచోట పుట్టింటిది, ఇంకోచోట అత్తింటిది ఉంటే ఫ్యామిలీ పెన్షన్ నెలల తరబడి ఆగుతుంది. మీరు ఉండగా సరిచేయించడం ఒక అర్జీతో పోతుంది. బ్యాంకు ఖాతాలు, లాకరు, పాలసీలు, కరెంటు సర్వీసు నంబరు, ఇంటిపన్ను నంబరు ఒక నోట్‌బుక్‌లో రాసి ఆవిడకు చూపించండి. వచ్చే మూడు నెలలు బ్యాంకు పని, ఫోనులో డబ్బు పంపడం ఆవిడ చేత చేయించండి. సీబీఐ అనో పోలీసులనో వీడియో కాల్ వచ్చి ‘డిజిటల్ అరెస్టు’ అంటే అది దొంగతనమే, చట్టంలో అలాంటి అరెస్టు లేదు. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

డబ్బు గురించి క్లుప్తంగా: పొదుపు ఉంటే సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ చూడండి. ఒక్కొక్కరు 30 లక్షల దాకా, అయిదేళ్లకు పెట్టొచ్చు. 8.2 శాతం రేటు మీద 30 లక్షలకు మూడు నెలలకోసారి 61,500 రూపాయలు చేతికొస్తుంది. రేటును ప్రభుత్వం సవరిస్తుంటుంది గానీ మీరు డిపాజిట్ చేసిన రోజున ఉన్నదే అయిదేళ్లూ నడుస్తుంది. ఎక్కువ వడ్డీ ఆశచూపే చిట్టీలకు, ప్రైవేటు డిపాజిట్లకు ఈ వయసులో ఒక్క రూపాయి కూడా వద్దు. పోయిన డబ్బు మళ్లీ సంపాదించే వ్యవధి లేదు.

అమెరికా వెళ్లిరండి, ఉండిపోవడం మాత్రం తొందరపడి తేల్చకండి. గ్రీన్‌కార్డు వచ్చినా అక్కడి మెడికేర్‌లో చేరడానికి అయిదేళ్లు వరసగా నివాసం ఉండాలి. ఈలోపు వైద్య బీమా అంతా అబ్బాయి జేబులోంచే. ఇక్కడైతే 70 దాటాక ఆదాయంతో పనిలేని ఆయుష్మాన్ వయ వందన కార్డు, అంటే ప్రభుత్వ వైద్య బీమా ఉంటుంది. కారు నడపనివాళ్లకు డాలస్‌లో పగలంతా ఇల్లే. బ్రాడీపేటలో గుమ్మం దిగితే పలకరించే మనుషులు ఉన్నారు, అది చిన్న ఆస్తి కాదు. ఇల్లు అలాగే ఉంచి ఒకసారి మూడు నెలలు ఉండి చూస్తానని అబ్బాయికి చెప్పండి. పంతంగా కాక, ఈ కారణాలన్నీ విప్పి చెప్పండి.

స్నేహితుడి మరణం తర్వాత దిగులు సహజమే. కానీ నిద్ర, ఆకలి పోయి, దేనిమీదా మనసు నిలవక రెండు వారాలు దాటితే అది దిగులు కాదు, డిప్రెషన్ కావచ్చు. మందులతో తగ్గుతుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 నంబరుకు తెలుగులోనే మాట్లాడొచ్చు.

పద్యాలకు మాత్రం కాశీ దాకా ఆగక్కర్లేదు, రేపే మొదలుపెట్టొచ్చు. అయితే పాత శ్రుతిలో ఎత్తుకోకండి. అప్పట్లో నాలుగు శ్రుతిలో పాడి ఉంటే ఇప్పుడు రెండుకు దించండి. వయసుతో స్వరతంతువులు బిగుసుకుంటాయి, పై షడ్జం, అంటే పై ‘స’ కోసం బలవంతం చేస్తే గొంతు బొంగురుపోతుంది, బీపీ మనిషికి అలా గొంతు చించుకోవడం అసలే మంచిది కాదు. మొదటి నెల పద్యాల జోలికి పోకుండా, పొద్దున ఖాళీ కడుపున ఇరవై నిమిషాలు షడ్జం, పంచమం, అంటే ‘స’, ‘ప’ల మీద నిలబడటమే సాధన చేయండి. రెండో నెలలో ఒక్క పద్యం తీసుకుని పాదం పాదం చొప్పున, అర్థం తెలిసేలా, ఆలాపన లేకుండా పాడండి. రాగం తీయడం మూడో నెలలో. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. హార్మోనియం వాయించగల మనిషి దొరికితే వారంలో ఒకరోజు, ఒక సమయం ఖాయం చేసుకోండి. ‘వీలున్నప్పుడు’ అనుకున్నవి మూడు వారాల్లో ఆగిపోతాయి. తెనాలి రైల్లో వెళ్లి వచ్చేంత దూరంలోనే ఉంది, నాటకాల ఊరు కాబట్టి అక్కడ అడిగితే మీ ఈడు పద్యగాయకులు తగులుతారు. మీ గుంటూరులోని శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో నాటకం పడినప్పుడల్లా ఇద్దరూ వెళ్లండి, ఆ రాత్రి టిఫిను బయట చేసి రండి.