స్కై ద్వీపానికి కారు వేసుకెళ్తున్న హారికకి

హారికా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. మే నెలలో నువ్వూ నీ ఫ్రెండ్స్ ముగ్గురూ గ్లాస్గోలో కారు అద్దెకి తీసుకుని ఈ స్కాట్లాండ్‌లోనే ఉన్న స్కై ద్వీపం చుట్టి వస్తారట, కారు నడిపేది నువ్వేనట. అన్నయ్య గొంతులో సగం భయం, సగం గొప్ప. నాకూ అంతే. తెనాలిలో స్కూటీ మీద సందు మలుపు తిరగడానికి నాలుగుసార్లు హారన్ కొట్టే పిల్ల హైలాండ్స్‌లో స్టీరింగ్ పట్టుకుంటుందంటే ఎంత ముచ్చటేసిందో. ఆ తర్వాత నీ ప్లాన్ నాకు ఫార్వర్డ్ చేశాడు, అది చదివాక నిద్ర పట్టలేదు. మొదటి రోజు గ్లెన్‌కో లోయ మీదుగా, ఐలియన్ డోనన్ కోట చూసుకుని స్కైలోని పోర్ట్రీ ఊరు చేరడం, సరే, ఆగకుండా వచ్చినా ఐదు గంటలు దాటుతుంది కానీ చేయొచ్చు. రెండో రోజు ఓల్డ్ మ్యాన్ ఆఫ్ స్టోర్ అనే రాతి స్తంభం, కిల్ట్ రాక్, క్విరాంగ్, డన్వేగన్ కోట, ఫెయిరీ పూల్స్, నీస్ట్ పాయింట్‌లో సూర్యాస్తమయం. అన్నీ ఒక్క రోజులో! ఎవరు చెప్పారమ్మా నీకు ఇలా?

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. గదులు దొరికాకే కారు బుక్ చేయి, సీజన్లో స్కైలో గది దొరకడం కష్టం. మన లైసెన్స్ మీద ఇక్కడికొచ్చిన రోజు నుంచి 12 నెలలు నడపొచ్చు, నువ్వు సెప్టెంబరులో వచ్చావు కాబట్టి పరవాలేదు, అయితే కారు అద్దెకిచ్చేవాళ్ళు వయసు గురించి వేరే షరతులు పెడతారు, అడిగి తెలుసుకో. ఇంకొకళ్ళు కూడా నడుపుతామంటే వాళ్ళ పేరు ఇన్సూరెన్స్‌లో ఎక్కించాలి. పెట్రోలు బ్రాడ్‌ఫర్డ్‌లోనో పోర్ట్రీలోనో కనపడినప్పుడే నింపుకో. మ్యాప్ ఫోన్లోకి దించి పెట్టుకో, చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. మిడ్జెస్ అని కంటికి కూడా సరిగ్గా ఆనని పురుగులుంటాయి, గాలి లేని సాయంత్రాలు గుంపులుగా వచ్చి కుడతాయి, తలకి వేసుకునే వల ఒకటి కొనుక్కో. మీలో ఎవరైనా తాగేవాళ్ళుంటే ఆ రాత్రే కాదు, మర్నాడు పొద్దున కూడా వాళ్ళ చేతికి తాళాలివ్వకు. స్కాట్లాండ్‌లో పరిమితి ఇంగ్లండ్ కంటే తక్కువ, 2014 నుంచి.

ఇక రోడ్డు. పెద్ద రోడ్డు దిగితే చాలా వరకు ఒక్క కారు పట్టేంత దారే, అక్కడక్కడా పక్కకి వెడల్పు చేసి పాసింగ్ ప్లేస్ అని తెల్ల బోర్డు పెడతారు. అది నీ ఎడమ పక్కనుంటే అందులోకి వెళ్ళి ఆగు. కుడి పక్కనుంటే నీ దారిలోనే దానికి ఎదురుగా ఆగు, ఎదుటివాడు అందులోకి తిరిగి వెళ్ళిపోతాడు. నువ్వు మాత్రం కుడికి దాటకు. ఫొటో కోసమని అందులో కారు పెట్టి దిగావంటే అక్కడి వాళ్ళకి ఒళ్ళు మండుతుంది, మండాలి కూడా, ఆ దారిలోనే అంబులెన్సు రావాలి మరి. వెనకాల ఎవరైనా తొందరలో ఉంటే ఆగి దారివ్వు. మేలో గొర్రెపిల్లలుంటాయి. తల్లి రోడ్డుకి ఒక పక్క, పిల్ల ఇంకో పక్క కనపడితే ఆ పిల్ల నీ కారు ముందు నుంచే పరిగెడుతుందని అనుకో, ముందే బ్రేక్ మీద కాలు పెట్టు.

అసలు సంగతి ఏమిటంటే, ఆ ద్వీపం చాచిన చెయ్యిలా ఉంటుంది. ట్రాటర్నిష్ ఒక వేలు, వాటర్నిష్ ఒకటి, డన్వేగన్ దాటి నీస్ట్ పాయింట్ దాకా డ్యూరినిష్ ఇంకొకటి. మ్యాప్‌లో వేలి కొసకీ వేలి కొసకీ మధ్య అంగుళం కూడా ఉండదు, మధ్యలో ఉన్నది సముద్రం. వెళ్ళిన దారినే మళ్ళీ వెనక్కి రావాలి. మీ మావయ్య ఆ అంగుళం చూసే మోసపోయారు.

1990ల చివరి మాట. మా అత్తగారూ మావగారూ నరసరావుపేట నుంచి వచ్చారు, అక్టోబరు ఆఖరు. ఇన్వర్నెస్ నుంచి స్కైకి తీసుకెళ్ళాం. అప్పట్లో ద్వీపం మీదికి వెళ్ళే వంతెనకి టోల్ ఉండేది, 2004లో ఎత్తేశారు. ఇంత టోల్ కట్టాక అమ్మానాన్నలకి అన్నీ చూపించాల్సిందేనని మీ మావయ్య పట్టు. పొద్దున స్టోర్ దగ్గర ఆగాం, క్విరాంగ్ చూశాం, అక్కడే కార్లో కూర్చుని పులిహోర అంతా తినేశాం. డన్వేగన్ వచ్చేసరికి మూడు దాటింది. ఇక వెనక్కి పోదామన్నాను. "నీస్ట్ పాయింట్ ఇక్కడే కదా, ఇంకో రెండున్నర గంటలు వెలుతురుంటుంది" అన్నారు. ఆ వారమే గడియారాలు గంట వెనక్కి తిప్పారు. ఆయన లెక్క మాత్రం పాత టైమ్ ప్రకారం ఉంది. ఐదు కాకముందే చీకటి పడింది, వాన మొదలైంది. కొండ అంచుకి చేరాక పెద్దవాళ్ళు ఆ మెట్లు దిగలేరని అర్థమై అటునుంచి అటే తిరిగాం.

గ్లెన్‌డేల్ దారిలో ఎదురుగా ఒక వ్యాన్ వచ్చింది. పాసింగ్ ప్లేస్ మా వెనకుంది. ఆ చీకట్లో, వానలో, అద్దాలన్నీ ఆవిరి పట్టి ఉండగా ఆయన రివర్స్ చేశారు. ఎడమ వెనక చక్రం తారు దాటింది, అంతే, పక్కన గడ్డిలా కనిపించేదంతా మెత్తటి బురద నేల, కారు ఒక పక్కకి ఒరిగిపోయింది. మావగారు ఆంజనేయ దండకం మొదలుపెట్టారు. మా అత్తగారు ఏమీ మాట్లాడలేదు, నాకు భయం వేసింది అందుకే. ఆవిడకి షుగరు. చెయ్యి పట్టుకుంటే చల్లగా చెమట, వేళ్ళు వణుకుతున్నాయి. డాక్టర్ని, ఏం జరుగుతోందో తెలుస్తోంది, కార్లో తినడానికి ఏమీ లేదు. ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ కుమ్మరిస్తే దేవుడి దగ్గర పెట్టిన పటికబెల్లం పొట్లం దొరికింది, ఒక్కో ముక్కా నోట్లో పెడుతూ, టార్చి వెలుగులో మొహం చూస్తూ కూర్చున్నాను. వ్యాన్ అతను వెళ్ళి ఒక రైతుని పిలుచుకొచ్చాడు, ఆయన ట్రాక్టర్‌కి తాడు కట్టి లాగాడు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. మీ మావయ్య ఆ రాత్రి అన్నం తినలేదు, ఇప్పటికీ ఆ మాటెత్తితే లేచి వెళ్ళిపోతారు. మంచి డ్రైవరే హారికా. ఆ ఒక్కరోజు ఆశ ఎక్కువైంది, అంతే.

మేలో రాత్రి తొమ్మిదిన్నర దాటేదాకా వెలుతురుంటుంది కదత్తయ్యా అంటావు. అదే నా టెన్షన్. వెలుతురుందని పొద్దున ఎనిమిది నుంచి రాత్రి పది దాకా నడుపుతూనే ఉంటారు, ఒంట్లో అలసట తెలీదు. రోజుకి ఒక్క వేలు చాలు. రెండో రోజంతా ట్రాటర్నిష్ పెట్టుకో. స్టోర్‌కి పొద్దున్నే వెళ్తే కారు పార్కింగ్ దొరుకుతుంది. ఆ ఎత్తైన రాతి స్తంభం, ఆ వింత కొండలన్నీ ఎప్పుడో లావా గడ్డకట్టిన పొరలు కిందకి జారి విరిగితే ఏర్పడ్డవి, క్విరాంగ్ దగ్గర నేల ఇప్పటికీ కదులుతూనే ఉంటుంది, రోడ్డు రిపేర్లు చేస్తూనే ఉంటారు. స్టాఫిన్ దగ్గర సముద్రం వెనక్కి తగ్గిన టైమ్ చూసుకుని వెళ్తే రాతి మీద డైనోసార్ అడుగులు కనిపిస్తాయి. మూడో రోజు డన్వేగన్, నీస్ట్. టైమ్ లేకపోతే నీస్ట్ వదిలెయ్, స్టాఫిన్ మాత్రం వదలకు. కూలిన్ కొండలు కింది నుంచి చూడండి చాలు, పైకి వద్దు. ఆ నల్లరాతిలో అయస్కాంత గుణం ఉంటుంది, దిక్సూచి కూడా తప్పు చూపిస్తుంది.

నీళ్ళ గురించి కోప్పడే చెప్తున్నాను. ఫెయిరీ పూల్స్ అద్దంలా ఉంటాయి, దూకాలనిపిస్తుంది. దూకొద్దు. మే నెలలో కూడా ఆ చలికి ఊపిరి బిగుసుకుపోతుంది, ఈత వచ్చినా చేతులు ఆడవు. వాన పడిందంటే వాగు చూస్తుండగానే పొంగుతుంది. 2024 ఏప్రిల్లో లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర డండీలో చదువుకుంటున్న ఇద్దరు తెలుగు పిల్లలు నీళ్ళలో పడి పోయారు. ఆ వార్త విన్న రోజు మొదట నీకే ఫోన్ చేశాను, నువ్వు అప్పుడు తెనాలిలో ఉన్నావని తెలిసీ. తడి రాయి మీద ఫొటో వద్దు, అంచు దగ్గర వెనక్కి నడుస్తూ సెల్ఫీ వద్దు. ఏదైనా అయితే 999, పోలీసుని అడిగి మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పాలి. మాట వెళ్ళని చోట మెసేజ్ వెళ్ళొచ్చు, అందుకు ముందే నీ ఫోన్ నుంచి 999కి రిజిస్టర్ అని ఇంగ్లీషులో ఎస్సెమ్మెస్ పంపి నమోదు చేసుకో. ఇవాళే చెయ్, మర్చిపోతావు.

కార్లో ఎప్పుడూ తిండి ఉండాలి, తీపి కూడా. తిరుగు ప్రయాణంలో గ్లాస్గోకి తిన్నగా పోకుండా ఇటు రండి, వంతెన దాటగానే వచ్చే కైల్ ఆఫ్ లోకాల్ష్ నుంచి ఇన్వర్నెస్‌లో మా ఇంటికి రెండు గంటలు. నలుగురికీ పక్కలేస్తాను, గుత్తివంకాయ కూర, గోంగూర పచ్చడి చేస్తాను. మీలో మాంసం తిననివాళ్ళెవరు, ఏది పడనివాళ్ళెవరు, ఏ తేదీకి వస్తారు, ఆదివారంలోగా చెప్పు. మార్చిన ప్లాన్ కూడా పంపు, మావయ్య చూస్తానంటున్నారు.

మీ అత్తయ్య