టామ్ క్రూజ్ నిజంగానే దూకితే గ్రాఫిక్స్ వాళ్లకు ఏం పని?

ప్రశ్న: ‘మిషన్ ఇంపాజిబుల్: ఫాలౌట్’ చూశాను. స్టంట్లన్నీ టామ్ క్రూజ్ తానే చేశాడని అందరూ అంటారు. మరి సినిమా అయ్యాక గ్రాఫిక్స్ విభాగంలో అంతమంది పేర్లు ఎందుకు పడ్డాయి? ఏది నిజం?

రెండూ నిజమేనండీ. నేను హైదరాబాద్‌లో ఒక వీఎఫ్ఎక్స్ (సినిమా గ్రాఫిక్స్) స్టూడియోలో పెయింట్ ఆర్టిస్టుని. మాది ఎక్కువగా చెరిపే పని. హీరో నడుముకు కట్టిన రోప్, కింద పరిచిన మ్యాట్, కారు అద్దంలో కనపడుతున్న కెమెరా, ఫ్రేమ్ అంచులో మిగిలిపోయిన లైట్ స్టాండ్, ఇలాంటివన్నీ తీసేస్తుంటాం. ఈ సినిమాకు నేను పనిచేయలేదు. కానీ రోజూ ఫైట్ సీన్లలో రోప్‌లు తీసేవాళ్లకు ఏ మనిషిని పైనుంచి లాగారో, ఎవరు తన బరువుతో తాను పడ్డారో చూడగానే తెలిసిపోతుంది.

రోప్ కట్టి లేపితే మనిషిలో ముందు కదిలేది నడుము. తలా కాళ్లూ ఆ తర్వాత వెంట వస్తాయి. చొక్కా లోపల వేసుకున్న హార్నెస్ (రోప్ తగిలించే పట్టీల కట్టు) దగ్గర బట్ట ముడతపడి పైకి లేస్తుంది. రోప్‌ను ఎంత శుభ్రంగా చెరిపినా ఒక్కోసారి ఆ ముడత దొరికిపోతుంది. మన సినిమాల్లో హీరో గుద్దితే విలన్ మనుషులు గాల్లోకి ఎగిరే షాట్లు చూడండి, చాలావాటిలో ఈ నడుము కదలిక కనిపిస్తుంది. ‘ఫాలౌట్’లో చాలా చోట్ల నేను దీనికోసమే వెతికాను. దొరికింది తక్కువ.

అలాగని రోప్‌లు లేవని కాదు. 2017 ఆగస్టులో లండన్‌లో జరిగింది చూడండి. ఒక భవనం మీంచి ఇంకో భవనం మీదికి దూకే షాట్. క్రూజ్ ఒంటికి కేబుల్స్ ఉన్నాయి. కథ ప్రకారం అతను పూర్తిగా అవతలికి చేరడు, అంచుకు గుద్దుకుని చేతులతో పట్టుకుని పైకి ఎక్కాలి. దూకాడు, పాదం గోడకు తగిలి చీలమండ విరిగింది. విరిగిందని అప్పుడే తెలిసింది. అయినా పైకి పాక్కుని, లేచి, కుంటుకుంటూ కెమెరాను దాటి వెళ్లాడు. మళ్లీ ఇదే షాట్ చేయాల్సి రాకూడదనే అలా పూర్తి చేశానని తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు. దీనివల్ల షూటింగ్ వారాల తరబడి ఆగింది. సినిమాలో ఉన్నది ఆ టేకే. ఆ కేబుల్స్‌ను చెరిపింది మాత్రం మాలాంటివాళ్లు.

‘రోప్ ఉంది కదా, ఇంక నిజమేముంది’ అనేవాళ్లు నాకు చాలామంది తగిలారు. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడికి నడుము చుట్టూ మోకు ఉంటుంది. అంతమాత్రాన చెట్టు ఎక్కింది మోకు అనం కదా. ప్రాణం పోకుండా చూడటం వరకే కేబుల్ పని. గుద్దుకోవడం, పట్టు జారకుండా ఆగడం, నొప్పిలో కూడా పాత్రలోనే ఉండటం నటుడి పని. ఆ కేబుల్ కనపడకుండా చేయడం మా పని. స్టంట్ నిజమైన కొద్దీ మా పని పెరుగుతుందే గానీ తగ్గదు, ఎందుకంటే నిజంగా చేసిన స్టంట్‌కు నిజమైన రక్షణ కూడా ఉంటుంది, దాన్నంతా తీసేయాలి.

ఎలా తీస్తామంటే, సెకనుకు 24 ఫ్రేములు. ఉత్త ఆకాశం మీద రోప్ ఉంటే పెద్ద కష్టం కాదు. అదే రోప్ మొహం మీదుగానో, ఎగిరే జుట్టు మీదుగానో వెళ్తే దాని వెనక ఏముండాలో మేమే పుట్టించాలి. పక్క ఫ్రేములోంచి చర్మం తెచ్చి అతికిస్తాం. దాని మీద కెమెరా గ్రెయిన్ (బొమ్మలో ఉండే సన్నటి నలుసులు) కలుపుతాం. వేగంగా కదిలేటప్పుడు వచ్చే బ్లర్ సరిపెడతాం. మనిషి లేకుండా అదే చోటును విడిగా తీసిన క్లీన్ ప్లేట్ ఉంటే సగం బరువు దిగినట్టే. అన్నీ అయ్యాక రోప్ నీడ గోడ మీద కనపడితే షాట్ మళ్లీ మన టేబుల్ మీదికే వస్తుంది.

ఇక మీరు అడగకపోయినా చెప్పాల్సింది ఆకాశంలోంచి దూకే సీన్ గురించి. సైన్యంలో దీన్ని హేలో జంప్ అంటారు. చాలా ఎత్తు నుంచి దూకి, నేలకు బాగా దగ్గరయ్యాకే పారాచూట్ తెరుస్తారు. కథలో అది పారిస్ మీద రాత్రి. తీసింది మాత్రం యూఏఈలో, సీ-17 సైనిక రవాణా విమానంలోంచి, 25,000 అడుగుల ఎత్తులో. అక్కడ గాలి ఒత్తిడి బాగా తక్కువ కాబట్టి దూకేముందు మాస్కులో స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చి ఒంట్లోని నైట్రోజన్‌ను తగ్గించుకోవాలి. దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీకి సూర్యాస్తమయం తర్వాతి మసక వెలుగే కావాలి. అది రోజుకు మూడు నిమిషాల పాటే ఉంటుంది. అంటే రోజుకు ఒక్క టేకే. ఆ రోజు ఫోకస్ తప్పితే మళ్లీ రేపే. ముందు విండ్ టనెల్‌లో సాధన, తర్వాత ఆకాశంలో జంప్‌లు. రిహార్సల్స్‌తో కలిపి క్రూజ్ 106 సార్లు దూకాడు.

ఈ సీన్లో నేను చేతులెత్తి మొక్కేది క్రెయిగ్ ఓబ్రయన్‌కు. కెమెరాను తలకు తగిలించుకుని క్రూజ్ కంటే ముందు, వెనక్కి తిరిగి దూకింది ఆయనే. పడుతూ పడుతూ ఫ్రేమ్ పట్టాలి. ఫోకస్ నిలవాలంటే క్రూజ్ సరిగ్గా అనుకున్న దూరానికే వచ్చి ఆగాలి. నటుడి మొహం కనపడాలని హెల్మెట్‌ను కొత్తగా తయారుచేయించి లోపల లైట్లు పెట్టారు. అది చూడటానికే కాదు, ఊపిరి తీసుకోవడానికి కూడా పనికొచ్చే హెల్మెట్. మెరుపులు, మేఘాలు, కింద పారిస్ దీపాలు గ్రాఫిక్స్. పడుతున్న మనిషి గ్రాఫిక్స్ కాదు. డూప్ అయితే కెమెరా వెనకనుంచో దూరంనుంచో చూడాలి, మొహానికి విడిగా క్లోజప్ తీసి అతికించాలి. ఇక్కడ మొహమూ ప్రమాదమూ ఒకే ఫ్రేములో, మధ్యలో కట్ కనపడకుండా ఉన్నాయి. చూసేవాడికి గుండె దడ వచ్చేది అందుకే అని నా గట్టి నమ్మకం.

అదే సీన్లో వాకర్ పాత్ర కూడా దూకుతుంది కదా, అక్కడ దూకింది ఆ పాత్ర వేసిన హెన్రీ కావిల్ కాదు, స్టంట్ మనిషి. ఇది తప్పేమీ కాదు. క్రూజ్ చుట్టూ ఉన్న స్టంట్ వాళ్లంతా లేకపోతే క్రూజ్ కూడా ఇవి చేయలేడు. పారిస్‌లో ఆర్క్ డి ట్రియాంఫ్ చుట్టూ హెల్మెట్ లేకుండా వాహనాలకు ఎదురుగా బైక్ నడుపుతాడు చూడండి, ఆ కార్లు నడిపేవాళ్లంతా స్టంట్ డ్రైవర్లే. ఎవరు ఎప్పుడు స్టీరింగ్ తిప్పాలో ముందే లెక్కకట్టినవే. బాత్రూమ్ ఫైట్‌లో క్రూజ్‌నూ కావిల్‌నూ కలిపి చావగొట్టే లియాంగ్ యాంగ్ కూడా స్టంట్ కళాకారుడే. సినిమా మొత్తంలో నాకు బాగా నచ్చిన ఫైట్ అదే. దెబ్బ తగిలినప్పుడు మనిషి వెంటనే లేవడు, లేచేముందు ఒక క్షణం ఆలోచిస్తాడు.

చివరి హెలికాప్టర్ ఛేజ్ కథలో కశ్మీర్‌లో జరుగుతుంది, తీసింది న్యూజిలాండ్‌లో. క్రూజ్ దీనికోసం హెలికాప్టర్ నేర్చుకుని తానే నడిపాడు. హెలికాప్టర్ కొండ మీద కూలి దొర్లే భాగానికి సెట్లూ గ్రాఫిక్సూ తప్పవు, ఎవరైనా అంతే. ఆ తర్వాత కొండ అంచున ఫైట్ తీసింది నార్వేలోని ప్రీకెస్టోలెన్ అనే కొండ మీద. అక్కడ శిల నిలువుగా 604 మీటర్లు.

గ్రాఫిక్స్ ఎక్కడ ఓడిపోతాయో చెప్పే ఉదాహరణ కూడా ఈ సినిమా చుట్టూనే ఉంది. ఇందులో పాత్ర కోసం కావిల్ మీసం పెంచాడు. అదే సమయంలో ‘జస్టిస్ లీగ్’కు సూపర్‌మ్యాన్‌గా మళ్లీ కొన్ని సీన్లు తీయాల్సి వచ్చింది. ‘ఫాలౌట్’ నిర్మాణ సంస్థ మీసం తీయడానికి ఒప్పుకోలేదు. దాంతో మీసాన్ని కంప్యూటర్‌లో చెరిపారు, పై పెదవి అదోలా కనిపించి జనం నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. రోప్ వెనక ఉండేది గోడో ఆకాశమో. మీసం కింద ఉండేది మాట్లాడుతున్న పెదవి. అక్షరం అక్షరానికీ కదిలే చర్మాన్ని కొత్తగా పుట్టించడం ఎంత నరకమో మా వాళ్లను అడగండి.

పేర్ల సంగతి అడిగారు కాబట్టి ఒకటి చెప్పాలి. పెద్ద సినిమాల రోటో (ఫ్రేము ఫ్రేములో మనిషి అంచులు గీసి విడదీసే పని), పెయింట్ పని చాలావరకు మన దేశంలోని స్టూడియోలకు వస్తుంది, అందులో చాలామంది పేర్లు తెరమీద పడవు. స్టంట్ వాళ్లకు కూడా గుర్తింపు ఆలస్యంగానే వచ్చింది. మన జాతీయ అవార్డుల్లో 2016 సినిమాల నుంచి స్టంట్ కొరియోగ్రఫీకి చోటిచ్చారు, తొలి అవార్డు పీటర్ హెయిన్‌ది. ఆస్కార్‌లో స్టంట్ డిజైన్ అవార్డు 2027లో విడుదలయ్యే సినిమాలతో మొదలవుతుంది.

ఈ కోణంలో ఇంకో సినిమా చూడాలనుకుంటే ఇదే సిరీస్‌లో 2023లో వచ్చిన ‘డెడ్ రెకనింగ్’ చూడండి. నార్వేలో కొండ మీంచి బైక్‌తో దూకే సీన్. అది తీయడానికి కొండ మీద పెద్ద ర్యాంప్ కట్టారు. బైక్, మనిషి, పారాచూట్ అన్నీ నిజం. తెరమీద చక్రాల కింద కనపడే రాతి నేల మాత్రం ర్యాంప్‌ను చెరిపి గ్రాఫిక్స్ వాళ్లు వేసింది.