ఎముక అతికింది, భయం పోలేదు... దీనికి నష్టపరిహారం వస్తుందా?

ప్రశ్న: మాది మదనపల్లె. ఆరేళ్లుగా బెంగళూరులో, కె.ఆర్. పురంలో ఉంటున్నాం. నాలుగు నెలల కింద మా తమ్ముడి బండి మీద వెనక కూర్చుని వస్తుంటే మారతహళ్లి దగ్గర రింగ్ రోడ్డు మీద నీళ్ల ట్యాంకర్ గుద్దింది. వాడికి గీరుకుపోయిందంతే, నాకు కాలర్ బోన్ విరిగి ప్లేటు వేశారు. ఇప్పుడు చెయ్యి బాగానే లేస్తోంది. కానీ బండెక్కలేను. వెనక పెద్ద బండి హారన్ కొడితే ఒళ్లంతా చెమటలు, రాత్రి రెండింటికి లేచి కూర్చుంటాను. వైట్‌ఫీల్డ్‌లో ఒక షోరూమ్‌లో బిల్లింగ్ పని చేసేదాన్ని, రాత్రిపూట రోడ్డు దాటలేక మానేశాను. మా అత్తగారేమో "ఎముక అతుక్కుంది కదమ్మా, ఇంకేంటి" అంటారు. ఇన్సూరెన్స్ తరఫున అని ఒకాయన వచ్చి, ఆస్పత్రి బిల్లులు ఇప్పిస్తాం, సంతకం పెట్టండి అంటున్నాడు. మీ తమ్ముడిదీ తప్పుంది అని కూడా అన్నాడు. ఈ భయానికి డబ్బు అడగడం తప్పా? అడిగితే ఇస్తారా?
– ఒక సోదరి, కె.ఆర్. పురం

జవాబు: అమ్మా, ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. మిగతాదంతా తర్వాత.

అడగడం తప్పు కాదు. మీరు పడుతున్న బాధకు చట్టంలో చోటుంది, దానికో పద్దు కూడా ఉంది. ప్రమాదంలో దెబ్బ తగిలినవాళ్లకు ఏయే పద్దుల కింద డబ్బు లెక్కగట్టాలో 2010లో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు విడమరిచి చెప్పింది. వైద్యం ఖర్చు, పోయిన జీతం ఒక పక్కన, నొప్పి, బాధ, ఆ దెబ్బ వల్ల కలిగిన మానసిక ఆఘాతం మరో పక్కన. ఈ రెండోదానికి బిల్లులు ఉండవు కాబట్టి జడ్జిగారు పరిస్థితి చూసి ఒక మొత్తం వేస్తారు. 2024 నవంబర్‌లో, కర్ణాటక హైకోర్టు నుంచి వెళ్లిన ఒక అప్పీలులో, 90 శాతం వైకల్యం వచ్చిన ఒకాయనకు నొప్పి, బాధ కిందే 15 లక్షలు ఇచ్చింది సుప్రీంకోర్టు. మీకూ అంత వస్తుందని చెప్పడం లేదు, ఆయన పరిస్థితి వేరు. బిల్లులు కట్టేస్తే లెక్క తేలిపోయినట్టే అనేవాళ్ల మాట మాత్రం నమ్మకండి.

అసలు చిక్కు ఎక్కడుందంటే, మీ భయం ఇప్పటిదాకా ఏ కాగితం మీదా లేదు. డిశ్చార్జ్ సమ్మరీలో కాలర్ బోన్ ఉంది, ప్లేటు ఉంది, మీరు రాత్రి రెండింటికి లేచి కూర్చునే సంగతి మాత్రం అందులో లేదు. ప్రమాదాల పరిహారం తేల్చే కోర్టులో, అదే ట్రైబ్యునల్‌లో, అవతలి లాయర్ మొట్టమొదట అడిగేది ఇదే: "ఇన్నాళ్లూ డాక్టరుకెందుకు చెప్పలేదమ్మా?"

అందుకే ఈ వారంలోనే సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లండి. హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ ఉంది, అంత దూరం వెళ్లలేకపోతే దగ్గర్లో ఎవరి దగ్గరికైనా సరే. కేసు కోసమే వెళ్లమనడం లేదు. ప్రమాదం జరిగి నెల దాటినా ఇలాంటివి తగ్గకపోతే డాక్టర్లు పీటీఎస్‌డీ, అంటే ఆఘాతం తర్వాత మనసును వదలని భయం జబ్బు, ఉందేమోనని చూస్తారు, దానికి వైద్యం ఉంది, మీరు మళ్లీ హాయిగా పడుకోవచ్చు, నాకు అది ముఖ్యం. అక్కడ "నిద్ర పట్టట్లేదు" అని ఒక్క ముక్క చెప్పి లేచి రాకండి, నిద్ర పట్టనివాళ్లు రోజూ వందమంది వస్తారు. హారన్ సంగతి, చెమటల సంగతి, రోడ్డు దాటలేక ఉద్యోగం మానేసిన సంగతి, అన్నీ వరసగా చెప్పండి, ప్రమాదం తేదీతో సహా. ఓపీ చీటీలో డాక్టర్ రాసే ఆ రెండు లైన్లే రేపు మీ తరఫున మాట్లాడతాయి. వెళ్లేదాకా మనసు ఉగ్గబట్టుకోలేకపోతే 14416 కి ఫోన్ చేయండి, టెలి మానస్ అని ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

షోరూమ్ నుంచి కూడా ఒక లెటర్ తీసుకోండి, ఎప్పటినుంచి పనిచేశారు, జీతమెంత, ఎప్పుడు మానేశారు అని. భయం వల్ల పోయిన జీతం చూపించగలిగితే అది బాధ పద్దులో కాదు, ఆదాయ నష్టం పద్దులోకి వస్తుంది. చాలామంది ఇది అడగరు.

ఇక గడువు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల చట్టం సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో క్లెయిమ్ పిటిషన్ వేయాలి. మీకు నాలుగు అయిపోయాయి. బెంగళూరులో ఈ కేసులు స్మాల్ కాజెస్ కోర్టులో నడుస్తాయి. పోలీసులు 48 గంటల్లో మొదటి రిపోర్టు, 90 రోజుల్లో పూర్తి రిపోర్టు ట్రైబ్యునల్‌కు ఇవ్వాలని రూలు ఉంది, కాబట్టి ట్రాఫిక్ స్టేషన్‌కు వెళ్లి ఎఫ్ఐఆర్‌తో పాటు ఆ కాపీ కూడా అడగండి.

తమ్ముడిదీ తప్పుందన్న మాట గురించి దిగులు పడకండి. మీరు వెనక కూర్చున్నారు. రెండు బండ్లదీ తప్పే అని తేలినా, వెనక కూర్చున్న మనిషి మొత్తం పరిహారాన్ని ఒక బండి వైపు నుంచే అడగొచ్చని 2015లో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆ ఇన్సూరెన్స్ పెద్దమనిషి ఈ సంగతి తెలియకుండా అన్నాడని నేననుకోను.

లాయర్ విషయం ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఆస్పత్రి గుమ్మంలోనే ఖాళీ వకాలత్ (లాయర్‌కు కేసు అప్పగించే కాగితం) మీద సంతకం పెట్టించుకునేవాళ్లు ఉన్నారు, వచ్చినదాంట్లో ఇంత శాతం అని. అలా వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. మీరు ఆడవాళ్లు కాబట్టి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం మీ హక్కు. సిద్ధయ్య రోడ్డులో న్యాయ దేగుల అనే బిల్డింగ్‌లో లీగల్ సర్వీసెస్ వాళ్లుంటారు, లేదా 15100 కి చేయండి. లోక్ అదాలత్‌లో రాజీ అంటే వెళ్లండి, కానీ మొత్తం ఎంతో చదువుకున్నాకే ఒప్పుకోండి, అక్కడి అవార్డు, అంటే తీర్పు మీద అప్పీలు ఉండదు.

కోర్టులో ఉన్నది ఉన్నట్టే చెప్పండి. మెట్రోలో తిరుగుతున్నారా అంటే తిరుగుతున్నాను అనండి, పెళ్లికి వెళ్లారా అంటే వెళ్లాను అనండి. లేనిది ఒక్కటి కలిపినా ఉన్న బాధ కూడా అబద్ధమైపోతుంది.

డాక్టర్ దగ్గరికి మీ అత్తగారినీ వెంటబెట్టుకుని వెళ్లండి. ఆవిడకు మీ మీద కోపమని నేననుకోను, ఎముకైతే ఎక్స్‌రేలో కనపడింది, ఇది కనపడలేదు. డాక్టర్ నోటివెంట విననివ్వండి. పైగా రేపు సాక్ష్యం కావాల్సి వస్తే, రాత్రి రెండింటికి మీరు లేచి కూర్చోవడం చూసిన మనిషి ఆ ఇంట్లో ఆవిడే.