మార్షల్ గ్యాంబిట్ మీద నీ వ్యాసం చదివాక

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. 1918 అక్టోబరులో న్యూయార్క్ టోర్నమెంట్‌లో కాపాబ్లాంకా తెల్ల పావులతో, మార్షల్ నల్ల పావులతో ఆడిన చదరంగం ఆటను ఎంచుకోవడం నాకు బాగా నచ్చింది. కానీ మార్షల్, దాడి కోసం బంటును బలిచ్చే ఈ గ్యాంబిట్‌ని కాపాబ్లాంకా కోసమే ఏళ్ల తరబడి దాచాడన్న కథకు సగం వ్యాసం ఇచ్చేశావు. దానికి గట్టి ఆధారం లేదు. 'అంటారు' అని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు పో. మిగతా సగంలో 36 ఎత్తులూ వరసగా రాశావు. బోర్డు దగ్గర లేని పాఠకుడు 10వ ఎత్తుకే పేజీ తిప్పేస్తాడు.

ఒకే ఒక్క చోట ఆగు. ఆటను మొదలుపెట్టే పద్ధతుల్లో (ఓపెనింగ్) ఒకటైన రుయ్ లోపెజ్‌లో 8వ ఎత్తుకు మార్షల్ డి5 గడికి (అక్షరం నిలువు వరస, అంకె అడ్డ వరస) బంటు తోసి, ఈ5 బంటును వదిలేశాడు. ముందే సిద్ధం చేసుకున్న దాడి ఇదని తెలిసే కాపాబ్లాంకా ఆ బంటు తీసుకున్నాడు. ఆ మాట తర్వాత తనే రాశాడు. నల్ల మంత్రి, శకటు, గుర్రం తెల్ల రాజు మీదికి వచ్చేశాయి. 15వ ఎత్తుకు గుర్రం ఎఫ్2 బంటును కొట్టింది.

మంత్రితో దాన్ని చంపొచ్చు కదా అని పాఠకుడు తప్పకుండా అనుకుంటాడు. అనుకోనివ్వు. అప్పుడు చూపించు. చంపితే శకటు హెచ్2లో చెక్ ఇస్తుంది, రాజు ఎఫ్1కి పోక తప్పదు. వెంటనే శకటు జీ3కి వచ్చి మంత్రి మీద పడుతుంది. చెక్ లేకుండా నేరుగా జీ3కి వస్తే? తెల్ల మంత్రి ఎఫ్7లో బలై, ఏనుగు ఈ8లో మేట్ చేసి ఆట కట్టిస్తుంది! రాజు ఎఫ్ వరసలో ఉంటే మాత్రం ఆ పాచిక పారదు. మంత్రిని చంపిన నల్ల ఏనుగే ఎదురు చెక్ ఇస్తుంది.

కాపాబ్లాంకా గుర్రాన్ని ముట్టుకోలేదు. ఏనుగును ఈ2కి జరిపాడు. ఈ ఎత్తుకు రెండు పేరాలు ఇచ్చినా తక్కువే. రాజు సీ2 దాకా నడిచి బయటపడడం, బి బంటు దూసుకెళ్లడం రెండు వాక్యాల్లో తేల్చెయ్.

మార్షల్ ఓడాడు కాబట్టి ఓపెనింగ్ పనికిరాదన్నావు. అది కొట్టెయ్. 11వ ఎత్తుకు గుర్రాన్ని ఎఫ్6కి తిప్పకుండా సీ బంటును సీ6కి కదపడం తర్వాత అసలు దారి అయింది. 1965లో సోవియట్ ఆటగాడు తాల్ మీద మరో సోవియట్ ఆటగాడు స్పాస్కీ ఈ గ్యాంబిట్‌నే నమ్ముకున్నాడు. ఇవాళ్టికీ దీనికి జడిసి తెల్ల పావులతో 8వ ఎత్తుకే దారి మార్చే పెద్ద ఆటగాళ్లున్నారు.

తిరగరాసి పంపేటప్పుడు 15వ ఎత్తు తర్వాతి బోర్డు బొమ్మ కూడా పెట్టు. టెన్షన్ పడకు, గడువు సంగతి నేను మాట్లాడతాను.