పేజ్‌మేకర్ ఉండనివ్వండి, నెట్ పీకేయండి

ప్రశ్న: ఇంట్లోనే డీటీపీ చేసుకుంటాను. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ బాగా నడుస్తున్నాయని విండోస్ 7 మార్చలేదు. పెళ్లికార్డుల మేటర్ వాట్సాప్ వెబ్‌లో వస్తుంది. బ్యాంకు పని కూడా ఇందులోనే. డబ్బులు పెట్టి యాంటీవైరస్ కొన్నాను, అడ్డమైన లింకులూ నొక్కను. అయినా బ్రౌజర్ పాతదైపోయిందని మా అబ్బాయి ఒకటే నస. నిజంగా అంత ప్రమాదమా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీవాడు చెప్పింది నిజమే. మామూలు వాడకందార్లకు విండోస్ 7 మరమ్మతులు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. క్రోమ్ కూడా 109వ వెర్షన్‌తో దాన్ని వదిలేసింది. మూడు చుక్కలు నొక్కి, హెల్ప్‌లో అబౌట్ గూగుల్ క్రోమ్ తెరవండి. అప్‌డేట్లు ఎప్పుడూ ఆపకపోతే 109 దగ్గరే నిలిచిపోయి ఉంటుంది.

లింకులు నొక్కకపోవడం మంచిదే, కానీ చాలదు. 2023 సెప్టెంబరులో బయటపడ్డ లోపమే చూడండి. వెబ్‌పీ రకం బొమ్మల్ని విప్పి చూపించే లిబ్‌వెబ్‌పీ అనే కోడ్‌లో ఉందది. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ అన్నీ వాడేది ఆ కోడే. బొమ్మ లోపలి లెక్కల్ని కావాలని తారుమారు చేసి పెడితే, విప్పేటప్పుడు కేటాయించిన మెమొరీ హద్దు దాటి రాసేస్తుంది. ఆ సందులోంచి దొంగ కోడ్ నడిపించే వీలుంటుంది. మీరు నొక్కేదేమీ లేదు, పేజీలో బొమ్మ తెరుచుకుంటే చాలు. దాన్ని రోజుల్లోనే సరిచేశారు. రేపు ఇలాంటిదే ఇంకొకటి బయటపడితే మీ 109కి మరమ్మతు రాదు. యాంటీవైరస్ కొన్ని చెడ్డ ఫైళ్లను పట్టుకుంటుందేమో గానీ, బ్రౌజర్‌కు పడ్డ చిల్లును పూడ్చలేదు.

అలాగని పేజ్‌మేకర్ మానేయమనను. ముహూర్తాల రోజుల్లో ఫాంట్ కుదరక ఒత్తులు ఎగిరిపోతే పార్టీకి ఎవరు సమాధానం చెబుతారు! ఆ మెషీన్‌ను డీటీపీకే ఉంచి నెట్ కేబుల్ పీకేయండి, వైఫై ఉంటే అదీ ఆపేయండి. మేటర్ ఫోన్లో తీసుకుని యూఎస్‌బీ కేబుల్‌తో ఎక్కించుకోండి.

బ్యాంకు పని ఫోన్లోనో, మీ అబ్బాయి ల్యాప్‌టాప్‌లోనో చూసుకోండి. కాకపోతే ఆ ల్యాప్‌టాప్‌లోనూ అబౌట్ పేజీ తెరిచి చూడండి. క్రోమ్ అప్‌డేట్ తనంతట తానే దిగుతుంది, కానీ మూసి తెరిస్తేనే అమల్లోకి వస్తుంది. ముప్ఫై ట్యాబులు పోతాయని రీలాంచ్ నొక్కని కుర్రాళ్లు బోలెడు మంది!

పాత క్రోమ్‌లో బ్యాంకు పాస్‌వర్డ్ సేవ్ అయి ఉంటే, నెట్ తీసే ముందే అక్కడ చెరిపేసి, ఫోన్లోంచి కొత్తది పెట్టుకోండి.