ఫ్లెక్సీ ప్రింటుకు ఇచ్చేముందు

కర్నూలు

చిరంజీవి శ్రావణికి,

బాబాయి ఆశీస్సులు. నువ్వు అనంతపురంలో మగ్గం వర్క్ షాపు తెరుస్తున్నావని అన్నయ్య ఫోన్‌లో చెప్పగానే మీ పిన్ని నా నోట్లో చక్కెర పోసింది. బ్యాంకు పరీక్షలు రాస్తూ కూర్చుంటుందనుకున్న పిల్ల సాయినగర్‌లో గది అద్దెకు తీసుకుని, ఇద్దరు కారిగర్లను, అంటే మగ్గం పనివాళ్లను, కుదుర్చుకుందంటే గర్వంగా ఉండదా? ఆ సాయంత్రమే నువ్వు పంపిన ఫ్లెక్సీ డిజైన్ చూశాను. ఆరుగురు పెళ్లికూతుళ్ల ముఖాలు, కింద నీ ఫోన్ నంబరు. ‘వీళ్లను అడిగావా?’ అని మెసేజ్ పెడితే ‘అందరూ మన కస్టమర్లే బాబాయ్’ అన్నావు. నేనడిగింది అది కాదు తల్లీ. ఫోన్ చేస్తే ‘సరే సరే’ అని పెట్టేస్తావు కనుక ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

అద్దె ఒప్పందం కాగితం మీద రాయించుకో. అడ్వాన్సు తీసుకోకుండా సూది పట్టనివ్వకు. కొలతల పుస్తకం షాపు దాటి బయటికి పోకూడదు. ఇవన్నీ నీకు తెలుసు, అన్నయ్య వంద సార్లు చెప్పే ఉంటాడు.

నాకు భయమంతా ఆ ముఖాల గురించే.

నేను ఫోటో స్టూడియోలో పనికి కుదిరిన కొత్తలో మా ఓనరు ఒకాయన ఉండేవాడు. పేరు రాయను. పోయినవాడు, పైగా నాకు పని నేర్పినవాడు. ఒక్క లైటు పక్కనుంచి వేసి ముక్కుపుడక మెరిసేలా తీయడం ఆయనకే చెల్లింది. ఒకసారి పెళ్లి సంబంధాలకు పంపడానికి ఒక అమ్మాయిని వాళ్ల నాన్న తీసుకువచ్చాడు. ధర్మవరం పట్టుచీర, భుజం మీదుగా జడ. ఫోటో ఎంత బాగా వచ్చిందంటే, ఓనరు దాన్ని పెద్దది చేసి, చేత్తో రంగులు వేసి, వీధివైపు షోకేసులో పెట్టాడు. ఎవరినీ అడగలేదు. స్టూడియో ఆయనది, పనితనం ఆయనది, ఇక అడిగేదేముంది అనుకున్నాడు.

అంతటితో ఆగినా బాగుండేది. పక్క వీధి బట్టల కొట్టాయన ఆ ఫోటో చూసి ముచ్చటపడి, సినిమా హాల్లో స్లైడు వేయించుకుంటానని ఒక కాపీ అడిగి పట్టుకెళ్లాడు. నీకు స్లైడంటే తెలియదు. అప్పట్లో ఆట మొదలయ్యేముందు, ఇంటర్వెల్‌లోనూ ‘పొగ త్రాగరాదు’ తరువాత ఊళ్లోని కొట్ల ప్రకటనలు గాజు పలకల మీద వేసి చూపించేవారు. ఆదివారం ఫస్ట్ షోకి ఆ అమ్మాయి తమ్ముడు స్నేహితులతో వెళ్లాడు. ఇంటర్వెల్‌లో తెరనిండా వాళ్లక్క ముఖం, కింద ‘పట్టుచీరలు సరసమైన ధరలకు లభించును’. నేల క్లాసు నుంచి ఈలలు. ఆ ఈలల్లో దురుద్దేశం ఉందనను, తెర మీద ఏ ఆడమనిషి కనిపించినా వేసేవారు. కానీ తమ్ముడికి అదేం తెలుస్తుంది? సగం సినిమా వదిలేసి ఇంటికి పోయాడు.

మర్నాడు పొద్దున్నే తండ్రి వచ్చాడు. కేకలు వేస్తాడేమోనని నేను డార్క్ రూమ్ తలుపు దగ్గరే నిలబడ్డాను. ఆయన జేబులోంచి మా రసీదు తీసి టేబుల్ మీద పెట్టి, ‘ఈ ఫోటోకి డబ్బులు నేనే కదా ఇచ్చాను?’ అన్నాడు. ఓనరు ‘తీసింది నేను, లైటింగ్ నాది, నెగెటివ్ నాది’ అన్నాడు. ‘ముఖమో?’ అన్నాడు ఆయన. ఓనరు మారు మాట్లాడలేదు. ఆ సాయంత్రమే స్వయంగా హాలుకు వెళ్లి స్లైడు తీయించాడు. కానీ బట్టల కొట్టాయన నంద్యాలలో ఉన్న తన బంధువు కొట్టుకు అప్పటికే ఇంకో స్లైడు చేయించి పంపాడు. అక్కడ అది ఎన్నాళ్లు ఆడిందో ఎవరికి తెలుసు?

పెళ్లి సంబంధం చెడిందా అని అడుగుతావు. చెడలేదు. కానీ మా మేడ మీదే టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ఆ అమ్మాయి రోజూ మా షోకేసు పక్కనుంచే మెట్లెక్కేది. ఆ తరువాత రావడం మానేసింది. ఆ ఏడు లోయర్ పరీక్ష రాయలేదు. పెళ్లి ఎలాగైనా అవుతుందమ్మా, ఒక ఆడపిల్ల సొంతంగా నేర్చుకుంటున్న పని ఆగిపోయిందే అన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. నువ్వు సొంత షాపు పెడుతున్నావంటే అదే గుర్తొచ్చింది.

చాలా ఏళ్లకు, పాస్‌పోర్టు ఫోటో కోసం వచ్చిన ఒక లాయరు చెబితే తెలిసింది. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. ఆ తండ్రి రసీదు చూపించడం చట్టప్రకారం కూడా సరైనదే అన్నమాట! నీ సంగతి కొంచెం వేరు. నీ ఫోన్‌తో, డబ్బు తీసుకోకుండా నువ్వు తీసిన ఫోటో మీద కాపీరైట్ నీదే. కానీ ముఖం సంగతి వేరే. అనుమతి లేకుండా ఒకరి పేరునో రూపాన్నో వ్యాపార ప్రకటనకు వాడుకుంటే అది వారి గోప్యతకు భంగమేనని 1994లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమైతే అనుమతి ఎలా ఉండాలో కూడా చెబుతుంది. బలవంతం ఉండకూడదు, దేనికి వాడతావో స్పష్టంగా చెప్పాలి, ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలి.

కోర్టులూ చట్టాలూ పక్కన పెట్టు. అడగడానికి ఒక సమయముంటుంది. జాకెట్టు తీసుకెళ్లడానికి అత్తగారితో, ఆడపడుచుతో కలిసి వచ్చినప్పుడు ‘ఫోటో పెట్టుకోవచ్చా అక్కా?’ అంటే ఏ అమ్మాయీ కాదనలేదు. అది అనుమతి కాదు, మొహమాటం. కొలతలు తీసేటప్పుడు ఒంటరిగా ఉంటుంది కదా, అప్పుడు అడుగు. కొలతల పుస్తకంలోనే ఒక గడి పెట్టు: ముఖంతోనా, జాకెట్టు మాత్రమేనా, అసలు వద్దా. షాపు గోడకా, వాట్సాప్ స్టేటస్‌కా, ఇన్‌స్టాగ్రామ్‌కా, ఫ్లెక్సీకా అని విడివిడిగా రాసి సంతకం తీసుకో. స్టేటస్ ఒక రోజులో పోతుంది. ఫ్లెక్సీ సప్తగిరి సర్కిల్‌లో ఎండకు వెలిసి చిరిగేదాకా వేలాడుతుంది, తరువాత ఎవరి పశువుల పాక మీదో కప్పుగా పడుతుంది. అక్కడికి ముఖం అస్సలు వద్దు, వాళ్లు ఒప్పుకున్నా సరే. ఇది చట్టం కాదు, బాబాయి మాట.

పట్టుపావడాలు కుట్టించుకునే చిన్నపిల్లల ముఖాలు ఎక్కడా పెట్టకు. 18 ఏళ్లలోపు వారికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలని ఆ 2023 చట్టమే అంటోంది. ఉన్నా నేను వద్దంటాను.

ఇంకొకటి, దీనికి చట్టం అక్కరలేదు. పెళ్లి జరగకముందే జాకెట్టు ఫోటో బయట పెట్టకు. ఆ డిజైన్ ముహూర్తం దాకా ఎవరికీ చూపించకూడదని ఆ పిల్ల ఎంతో దాచుకుని ఉంటుంది. నీ స్టేటస్ చూసి తోడికోడలు అదే నెమలి, అదే ఏనుగు వేయించుకుని వస్తే నీకు ఇద్దరు కస్టమర్లూ పోతారు. పెళ్లయ్యాక, వాళ్లు ఫోటోగ్రాఫర్ తీసిన ఆల్బం ఫోటోలు పంపితే వాడుకోవచ్చా అని ఆ దంపతులనే అడుగు. ఫోటోగ్రాఫర్‌కు కూడా ఒక మాట చెప్పి, ఆయన పేరు కింద వెయ్యి. మా జాతివాళ్లం, పేరు కనిపిస్తే పొంగిపోతాం.

ఎక్కడో ఇంటర్నెట్‌లో దొరికిన జర్దోసీ ఫోటో పెట్టి ‘మా వర్క్’ అనడం మాత్రం చేయకు. 2019 నాటి వినియోగదారుల చట్టం తప్పుదారి పట్టించే ప్రకటనలను ఊరికే వదలదు. చట్టం దాకా ఎందుకు, అదే కావాలని ఎవరైనా వచ్చి కూర్చుంటే నీ కారిగర్లు చేయలేక నీ ముఖం చూస్తారు. ఆ కారిగర్లు వేసిన పనికి వాళ్ల పేరు కూడా వేస్తే బాగుంటుంది, వాళ్లు సరేనంటే.

ఫోటోలే వద్దంటున్నానని అనుకోకు. 2009 అక్టోబరులో తుంగభద్ర ఊరి మీద పడ్డప్పుడు మా నెగెటివ్‌ల పెట్టెలన్నీ బురదైపోయాయి. ఎన్నో ఇళ్లలో ఆల్బంలు పోయాయి. నీళ్లు తీశాక ఒకతను వచ్చి, ‘మా అమ్మ ఫోటో మీ మేడ మీద గోడకు ఉండేది, ఉందా?’ అన్నాడు. ఆమెను అడిగే, ఆమె నవ్వుతూ ఒప్పుకుంటేనే తగిలించిన ఫోటో. అది తడవలేదు. కాపీ తీసి ఇస్తే అతను డబ్బు ఇవ్వబోయాడు. మీ పిన్ని అతణ్ణి కోప్పడి పంపింది.

ఇక ముఖం లేకుండా జాకెట్టును ఎలా తీయాలంటావా? అది నా పని, చెబుతా విను. ఫ్లాష్ వేస్తే జరీ తెల్లగా మాసిపోతుంది, కుందన్లు చుక్కలవుతాయి. పొద్దున కిటికీ పక్కన, వెలుగు అడ్డంగా పడేలా, మగ్గానికి బిగించి ఉండగానే తియ్యి. పూస పూసకీ చిన్న నీడ పడి పని ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. ట్యూబ్‌లైటు కింద మెరూన్ రంగు చెడుతుంది. ఫిల్టర్లు వద్దు, ‘ఫోటోలో ఉన్న గులాబీ ఇది కాదు’ అని గొడవలొస్తాయి. ఒక ఫోటో వెనకవైపుది కూడా పెట్టు. ముళ్లు ఎంత శుభ్రంగా వేశారో తెలిసినవాళ్లు మొదట తిప్పి చూసేది అదే. ట్రయల్ వేసినప్పుడు తీసిన ఫోటోలు పని కాగానే ఫోన్‌లోంచి తీసెయ్యి. రేపు ఆ ఫోన్ రిపేరు షాపుకు పోతుంది.

ఫ్లెక్సీకి మగ్గం మీది చేతుల ఫోటో ఒకటి చాలు. ఆ ఆరుగురిలో ఎవరెవరు ఒప్పుకున్నారో ముందు తేల్చు.

నా పాత లైటు స్టాండ్లు రెండు ఆర్టీసీ కార్గోలో వేస్తున్నాను. బస్టాండులో రసీదు చూపించి తీసుకో. ఒకదాని మర వదులు, కాలికి ఇటుక కట్టకుండా నిలబెట్టకు.

మీ బాబాయి